కాళేశ్వరంలో చహల్‌కదమీ

పనివేళ ముగిసిన తరువాత కాలినడకన ఊరు తిరిగి వచ్చుటకు తెలుగులో సరిగా అతికే మాట మాకు దొరకలేదు. వాహ్యాళి అనవచ్చును గాని, ఆ మాటకు మొదటి అర్థం గుర్రాలు తోలే బయలు. అది రాజులకు తగిన మాట. షికారు అనవచ్చును గాని, అది పారసీకం నుండి వచ్చిన వేట. గుర్రమూ తుపాకీ లేని జీతగాడు సాయంకాలం రిజిస్టరులో సంతకం చేసి, టిఫిను డబ్బా సంచిలో వేసుకొని, తిన్నగా గదికి పోక నాలుగు సందులు తిరిగి పోవుటకు ఈ రెండు మాటలూ బరువే. ఉర్దూలో మాత్రం అందుకు ఒక ముచ్చటైన మాట ఉన్నది: చహల్‌కదమీ. నలభై అడుగులు అని దాని అర్థం. మన సంచికలో రెండు లిపులు ఒకే అట్ట కింద కాపురం చేస్తున్నవి గనుక, ఉర్దూ పుటల నుండి ఈ మాటను తెలుగు పుటల్లోకి చేబదులుగా తెచ్చుకొంటున్నాము. తిరిగి ఇచ్చే ఉద్దేశం లేదు.

కళాశాలల నుండి పట్టాలు పుచ్చుకొని వెళ్లేవారిలో కొందరు ఉపాధ్యాయులవుతారు, కొందరు బ్యాంకులలో, తహసీలు కార్యాలయాలలో, ఆసుపత్రులలో కుదురుకొంటారు, కొందరు ఇంజనీర్లవుతారు. వీరిలో చాలామందికి మొదటి కొలువు సొంత ఊరిలో దొరకదు. దూరాన, అడవి అంచున, చివరి బస్సు పోయిన తరువాత మనిషికి మనిషే దిక్కయ్యే చోట దొరుకుతుంది. అటువంటి కొలువును మన వాడుకలో 'పనిష్మెంటు పోస్టింగు' అంటున్నారు. నేరమేమిటో ఎవరికీ తెలియదు. శిక్ష మాత్రం అనుభవిస్తున్నట్లే ఉంటారు. పగలు ఎట్లో పనిలో గడిచిపోవును. సాయంత్రం ఐదు దాటినది మొదలు నిద్రపట్టే దాకా ఉన్న కాలమే వారిని బాధించునది. శనివారపు బస్సు కొరకు, బదిలీ ఉత్తర్వు కొరకు ఎదురుచూస్తూ, సెల్‌ఫోను వెలుగులో ఆ గంటలను కరిగిస్తారు. మూడేండ్లు ఒక ఊరిలో ఉద్యోగం చేసి, ఆ ఊరి వెనుక వీథి ఎటు తిరుగునో చెప్పలేనివారిని మేము ఎరుగుదుము. అటువంటివారు ఆ ఊరికి చదువు చెప్పుచున్నారు, వైద్యం చేయుచున్నారు, దాని భూముల తగవులు తీర్చుచున్నారు.

పనివేళ తరువాతి నడక ఆరోగ్య సూత్రమనో, కాలక్షేపమనో మేము చెప్పబోవుట లేదు. తాను జీతం తీసుకొంటున్న ఊరి పట్ల ఉద్యోగికి గల బాధ్యతలలో అది ఒకటి అనునది మా అభిప్రాయం. ఉదాహరణకు కాళేశ్వరాన్ని తీసుకొంటున్నాము. ఎందుకనగా ఇంత పేరుండి, ఇంత తక్కువగా తెలిసిన ఊరు మన ప్రాంతంలో మరొకటి లేదు.

కాళేశ్వరం నగరం కాదని ఆక్షేపించువారు ఉందురు. నిజమే. జయశంకర్ భూపాలపల్లి జిల్లా, మహదేవపూర్ మండలంలోని ఒక గ్రామం అది. అయినా అది అప్పుడప్పుడు నగరమవుతుంది. 2015లో గోదావరి పుష్కరాలకు, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు, 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు అక్కడికి లక్షల జనం వచ్చినారు. మూడు నదుల పేరిట పన్నెండేండ్లలో మూడు పర్యాయాలు నగరమై, పన్నెండేసి దినాలు వెలిగి, మళ్లీ గ్రామంగా ముడుచుకొనే ఊరు ఇది. నగరంగా ఉన్న దినాలలో దానిని అందరూ చూస్తారు. గ్రామంగా ఉన్న సాయంకాలాలలో చూసేవారు తక్కువ.

బయటివారు కాళేశ్వరాన్ని రెండు కారణాల చేత ఎరుగుదురు. మొదటిది దేవాలయం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలుండుట అక్కడి విశేషం. ఒకటి కాలుడనగా యముని పేరిట, రెండవది ముక్తీశ్వరుని పేరిట. భక్తులు ముందుగా కాళేశ్వరునికి, ఆ తరువాత ముక్తీశ్వరునికి పూజ చేస్తారు. ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నవి. అందులో పోసిన నీరు లోలోపల పోయి నదుల సంగమంలో కలియునని విశ్వాసం. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం అను మూడు లింగాల నడుమ ఉన్న దేశం త్రిలింగ దేశమనీ, దాని నుండియే తెలుగు అను పేరు వచ్చినదనీ ఒక ప్రసిద్ధమైన వాదం ఉన్నది. భాషా శాస్త్రజ్ఞులందరూ దానిని ఒప్పుకొనకపోయినా, మన భాష పేరు చెప్పుకొనేటప్పుడు ఈ మారుమూల ఊరిని తలచుకొనక తప్పదు.

రెండవది ప్రాజెక్టు. 2016 మే 2వ తేదీన కన్నెపల్లిలో శంకుస్థాపన జరిగినది. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరిగినది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగినవి. అప్పటి నుండి కాళేశ్వరం అనగానే జనానికి వాదోపవాదాలే గుర్తుకు వస్తున్నవి. బ్యారేజీ కట్టినది కాళేశ్వరంలో కాదు, దానికి దిగువన మేడిగడ్డ వద్ద. ఊరి పేరును ప్రాజెక్టుకు అద్దెకిచ్చినారు. అద్దె మాత్రం ఊరికి ముట్టినట్లు కనబడదు. శాసనసభలో, టీ కొట్టులో, వార్తాపత్రికలో ప్రతిదినమూ ఆ పేరు పలికేవారిలో ఊరి ముఖం చూసినవారు ఎందరుందురు?

గుడికి వచ్చువారు బస్సు దిగి, స్నానం చేసి, దర్శనం చేసుకొని, బస్సెక్కుదురు. ప్రాజెక్టు చూడవచ్చువారు కారు దిగి, ఫొటో తీసుకొని, కారెక్కుదురు. ఈ రెండు దారుల నడుమ మిగిలిపోయిన ఊరు ఒకటి ఉన్నది. అది అక్కడ కొలువు చేసే మనిషికి మాత్రమే, అదియును సాయంకాలం మాత్రమే, అందే ఊరు.

ఆ నడక ఎక్కడ నుండైనా మొదలు పెట్టవచ్చును. గుడి ముందరి కొబ్బరికాయల దుకాణాలు ఆఖరి యాత్రికులను సాగనంపి తట్టలు సర్దుకొనే వేళకు, పగలంతా వినబడని చప్పుళ్లు వినబడతవి. గుడికి పడమరగా పోతే ఆదిముక్తీశ్వరాలయం వస్తుంది. అక్కడ దొరికే తెల్లని రాళ్లను భక్తులు విభూతి రాళ్లని ఏరుకొనిపోతారు. ప్రధానాలయానికి వచ్చిన జనంలో ఇక్కడిదాకా నడిచేవారు కొద్దిమందే. బస్సు అందదనే తొందర వారిది. ఉద్యోగికి ఆ తొందర లేదు. రాయి ఎందుకు తెల్లగా ఉన్నదో భక్తుడు అడుగడు, అడుగనవసరం లేదు. పాఠశాలలో విజ్ఞాన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు మాత్రం ఒక రాయిని జేబులో వేసుకొనిపోయి మరునాడు తరగతిలో బల్ల మీద పెట్టవచ్చును. పాఠ్యపుస్తకంలోని బొమ్మ కంటె ఆ పిల్లలకు తమ ఊరి రాయి ఎక్కువ చెప్పును.

అక్కడ నుండి నది వైపు తిరుగుదుము. పడమటి నుండి గోదావరి, ఉత్తరాన్నుండి ప్రాణహిత వచ్చి ఇక్కడ కలియును. సరస్వతి అంతర్వాహిని అని పెద్దలు చెప్పుదురు. 2025 పుష్కరాల సమయాన ఆ కనబడని నదికి 17 అడుగుల రాతి విగ్రహం నిలిపినారు. విగ్రహం ముందు నిలిచి ఫొటోలు తీసుకొనువారు, పక్కనే కనబడే రెండు నదుల తగవును గమనించరు. ఎండాకాలం సాయంత్రం ఘాటు మెట్ల మీద కూర్చుంటే ఆ తగవు అర్థమవుతుంది. పేరు గోదావరిది, నీరు ప్రాణహితది. ఎగువన మహారాష్ట్రలో జాయక్‌వాడీ మొదలుకొని మన శ్రీరామసాగర్, ఎల్లంపల్లి దాకా ఆనకట్టల మీద ఆనకట్టలు దాటి వచ్చేసరికి గోదావరి ఇసుకలో ఒక పాయగా మిగులుతుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ఏర్పడిన ప్రాణహిత మాత్రం అడవుల మీదుగా వచ్చి ఎండాకాలంలోనూ పారుతూ ఉంటుంది. సంగమం దాటిన తరువాత పేరు మాత్రం గోదావరిదే. ఇంటి పెత్తనం ఒకరిది, సంపాదన మరొకరిది అయిన కుటుంబాలు మనకు కొత్త కాదు. ఎత్తిపోతల పథకాలన్నీ ప్రాణహిత నీటి చుట్టూ ఎందుకు తిరిగినవో తెలియడానికి నివేదికలు చదువనక్కరలేదు. ఏప్రిల్ నెలలో రెండు సాయంత్రాలు ఆ మెట్ల మీద కూర్చుంటే చాలును.

అదే మెట్ల మీద జూలై నెల మరొక పాఠం చెప్పును. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు కన్నెపల్లి పంపుహౌస్ మునిగినది. కోట్లు పోసి కట్టిన యంత్రశాల గోడలకు తెలియని సంగతి నది ఒడ్డు ముసలివారికి తెలియదా అనునది మా ప్రశ్న. 1986 ఆగస్టు వరదను చూసినవారు ఒడ్డు ఊళ్లలో ఇంకా ఉన్నారు. నీరు మొదట ఏ సందులో నుండి లోపలికి వచ్చును, ఏ ఇల్లు ముందు ఖాళీ చేయవలెను, పశువులను ఏ మిట్టకు తోలవలెను అను జ్ఞానం వారి వద్ద ఉన్నది. అది కాగితం మీద లేదు. దానిని వారు ఎవరికి చెప్పుదురు? సాయంకాలం తమ అరుగు మీద వచ్చి కూర్చున్నవానికి చెప్పుదురు. జీపులో వచ్చి, అద్దం దించి అడిగినవానికి, 'అంతా మంచిదే సారూ' అని మాత్రమే చెప్పుదురు. వరద వచ్చిన రాత్రి ఒక ఊరి అధికారికి ఊరు పగటి పూట నడిచిన దారులతో తెలిసి ఉండుటకు, పటంలో తెలిసి ఉండుటకు గల భేదం ప్రాణాలతో కొలువదగినది.

కాళేశ్వరపు నడకలో మాకు అన్నిటికంటె నచ్చినది వంతెన. గోదావరి దాటి సిరోంచకు పోయే ఆ వంతెన రాకముందు రెండు ఒడ్డులనూ నాటు పడవలే కలిపినవి. ఇప్పుడు నడిచి పోవచ్చును. వంతెన మధ్యలో నిలిచి వెనుకకు తిరిగితే పొద్దు సంగమం మీద వాలుతూ ఉంటుంది. ముందుకు చూస్తే మహారాష్ట్ర. దుకాణాల బోర్డులు దేవనాగరిలోకి మారుతవి, మాటలు మారవు. సిరోంచ తాలూకాలో తెలుగు మాట్లాడేవారు విస్తారంగా ఉన్నారు. అవతలి ఒడ్డున తెలుగువాడు మరాఠీలో దరఖాస్తు పెట్టుకొని తెలుగులో దుఃఖం చెప్పుకొంటాడు. అక్కడి వలీ హైదర్ షా దర్గాకు వచ్చే జనం ఏ రాష్ట్రపు రేషను కార్డుతో వచ్చినారో ఎవరూ అడుగరు.

ఈ ఒడ్డు ఇట్లు రెండుగా చీలుటకు కారణం వెదికితే 1860 దాకా పోవలసి వచ్చును. అంతవరకు ఇరుదరులూ నిజాం రాజ్యమే. ఆ సంవత్సరపు ఒడంబడిక ప్రకారం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువారి పరమైనవి. నది మీద సాగే సరకులకు సుంకం ఉండరాదని కూడా అందులో వ్రాసుకొన్నారు. సిరోంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి అను జిల్లా ఏర్పడినది. భద్రాచలం అప్పుడు ఆ జిల్లాలోనిదే. భద్రాద్రి రాముడూ సిరోంచ కచేరీ ఒకే జిల్లాలో ఉండినారంటే నేటి విద్యార్థి నమ్మడు. 1874లో ఆ జిల్లాను విడదీసి, భద్రాచలాన్ని మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలోను, సిరోంచను చాందా జిల్లాలోను కలిపినారు. ఎడమ ఒడ్డు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండినది, 1956లో బొంబాయి రాష్ట్రమైనది, 1960లో మహారాష్ట్ర అయినది. కుడి ఒడ్డు హైదరాబాదు సంస్థానమై, హైదరాబాదు రాష్ట్రమై, 1956లో ఆంధ్రప్రదేశై, 2014లో తెలంగాణ అయినది. ఇన్ని పేర్లు మారినా నది వెడల్పు మారలేదు. పెండ్లిండ్లు అటు ఇటు జరుగుతూనే ఉన్నవి.

ఇంగ్లీషువారికి ఈ ఒడ్డు మీద అంత ప్రేమ ఎందుకు కలిగినది? పత్తి కొరకు. 1861 నుండి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరుగుటచే లాంకషైర్ మిల్లులకు దూది కరవైనది. నాగపూరు, బీరారు పత్తిని ఈ నదుల మీదుగా పడవలలో సముద్రానికి చేర్చవలెనని సంకల్పించినారు. ధవళేశ్వరం కట్టిన కాటన్ దొర ఈ యోచనకు గట్టి సమర్థకుడు. దారిలో మూడు చోట్ల బండరాళ్లు అడ్డం: ఒకటి దుమ్ముగూడెం వద్ద, రెండవది కాళేశ్వరానికి దిగువన ఇచ్చంపల్లి వద్ద, మూడవది ఎగువన ప్రాణహిత మీద. ఆనకట్టలు, కాలువలు, లాకులు కట్టసాగినారు. ఈలోగా అమెరికాలో యుద్ధం ముగిసినది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరినది. ఖర్చు మాత్రం పెరుగుతూ పోయినది. 1871లో పనులు ఆపివేసినారు. దుమ్ముగూడెం ఆనకట్ట నేటికీ ఉన్నది. తక్కిన చోట్ల ఆ ప్రయత్నాన్ని నది తనలో కలుపుకొన్నది.

ఈ నీళ్ల మీద పెద్ద ఆశతో పెద్ద కట్టడం మొదలు పెట్టుట, కాలమూ రాయీ ఇసుకా మనిషి లెక్కకు లొంగకపోవుట 2023లో మొదటిసారి జరిగినది కాదు. అక్కడ కొలువు చేసే యువ ఇంజనీరు ఒకడు సాయంకాలం వంతెన మీద నిలిచి ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకొనిన యెడల, తన పై అధికారి కంటె ఎక్కువ వినయం నేర్చుకొనునని మా నమ్మకం. దానివలన బ్యారేజీ లేచి నిలువదు గాని, రేపు కట్టబోవు వానికి ఒక మంచి సందేహం మిగులును. ఇంజనీరింగు విద్యలో సందేహం కంటె విలువైన పరికరం లేదని మా అభిప్రాయం.

సెలవు దినాన ఇంకొంచెం దూరం నడువగలవారికి ప్రాణహిత ఒడ్డున మరొక మూల దాగి ఉన్నది. సిరోంచకు ఉత్తరాన, ఒడ్డు మీద కోట అను చిన్న గ్రామం ఉన్నది. అక్కడి రాతి పొరలలో పందొమ్మిదవ శతాబ్దిలోనే ప్రాచీన మత్స్యాల శిలాజాలు బయటపడినవి. భూవిజ్ఞాన శాస్త్రంలో ఆ పొరలకు కోట పేరే స్థిరపడినది. ఆ పొరలలోనే మహాకాయమైన రాక్షసబల్లుల ఎముకలు దొరికినవి. ఒకదానికి బరపాసారస్ టాగోరీ అని 1975లో పేరు పెట్టినారు. బరపా అనగా వంగభాషలో పెద్ద కాలు. రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961లో తవ్వకాలు సాగుటచే ఆయన పేరు చేరినది. దాని అస్థిపంజరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది. నదికి ఇవతల, నేటి మంచిర్యాల జిల్లా వైపు యామన్‌పల్లి వద్ద దొరికిన మరొక జంతువుకు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టినారు. అది హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబడి ఉన్నది. హైదరాబాదు పిల్లలు టిక్కెట్టు కొని దానిని చూచి వస్తారు. దాని సొంత ఊరి పక్కన పెరిగిన పిల్లవానికి అది తన ఊరిదని చెప్పినవారు ఎవరు? యామన్‌పల్లి పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలోకి ఎక్కినది. మన పదవ తరగతి పాఠంలోకి ఎక్కలేదు.

మహదేవపూర్ వైపు నడిచినవారికి మద్ది చెట్లు కనబడును. ఆ చెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచుట ఆ ప్రాంతపు పాత వృత్తి. పట్టు అనగానే పోచంపల్లి, ధర్మవరం తలచుకొనే మనకు, మల్బరీ తోట లేకుండ అడవి చెట్టు మీద పండే పట్టు ఒకటి మన పక్కనే ఉన్నదని తెలియకపోవుట వింతే.

ఇక భాషల సంగతి. కాళేశ్వరం బస్టాండులో ఒక గంట నిలుచున్నవానికి తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ వినబడును. అడవి ఊళ్ల నుండి వచ్చినవారి నోట గోండీ, కోయ మాటలూ వినబడును. మంథని నియోజకవర్గంలో ఈ ప్రాంతం ఉన్నది. 1957 నుండి 1977 దాకా ఆ స్థానానికి ప్రతినిధిగా ఉన్న పి.వి. నరసింహారావు మరాఠీ నవలను తెలుగులోకి, విశ్వనాథవారి 'వేయిపడగలు'ను హిందీలోకి తెచ్చిన మనిషి. సరిహద్దు నేల అటువంటి నాలుకను కోరును. ఒకే భాష తెలిసిన ఉపాధ్యాయుడు అక్కడ తరగతిలో మాట్లాడక కూర్చున్న పిల్లను మందమతి అనుకొనవచ్చును. సాయంకాలం ఆ పిల్ల ఇంటి మీదుగా నడిచినవాడు, ఆమె తన అమ్మమ్మతో వేరొక భాషలో గలగలా మాట్లాడుట విని, మరునాడు తన అభిప్రాయం మార్చుకొనును. ఒక పిల్ల చదువు నిలుచుటకో ఆగుటకో ఆ ఒక్క సాయంత్రం చాలును.

ఇక్కడనే మన కళాశాల విద్యార్థికి ఇతరులకు లేని ఒక వసతి ఉన్నది. మహదేవపూర్ నిజాం కాలంలో తాలూకా. 1905 దాకా ఎలగందుల జిల్లాలోను, ఆ తరువాత కరీంనగర్ జిల్లాలోను ఉండినది. ఆ సంస్థానంలో 1884 నుండి ఉర్దూ రాజభాష. భూమి సేత్వార్లు, పాత పట్టాలు, ఫర్మానులు ఆ భాషలోనే ఉన్నవి. నేడు ఆ ఊళ్లలో ఇంటింటా పెట్టెల అడుగున మడతలు విరుగుతున్న ఉర్దూ కాగితాలుండును. ఇంటివారికి లిపి రాదు, లిపి వచ్చిన ముసలివారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. భూమి తగవులలో ఆ కాగితం ఏమి చెప్పుచున్నదో తెలియక, చదివి పెట్టే మధ్యవర్తికి డబ్బు పోసేవారున్నారు. ఉర్దూ చదివి, తెలుగులో వివరించగల యువకుడు ఒకడు సాయంకాలం ఆ వీథిలో నడుస్తున్నాడని తెలిసిన యెడల, అతనిని అరుగు మీదకు పిలువని ఇల్లుండదు. ఉర్దూ చదివినవానికి కొలువేది అని అడుగువారికి మేము చూపగల జవాబు ఇది. ఇందులో జీతం లేదు గాని, గౌరవం ఉన్నది; ఒక ముసలమ్మ భూమి నిలబడుట ఉన్నది.

మా మాటకు ఎదురు మాటలు లేకపోలేదు. నడక తీరికగలవారి వేడుక అని మొదటి మాట. చార్లెస్ డికెన్స్ కంటె తీరిక లేని మనిషి అరుదు. నవలలు వ్రాయుచు, పత్రిక నడుపుచు ఉన్న దినాలలోనే రాత్రులు లండను వీథులు కాలినడకన తిరిగినాడు, దానిని గూర్చి 1860లో వ్యాసం కూడా వ్రాసినాడు. రోజంతా ఎండలో మట్టి మోసిన కూలీని మేము నడువమనుట లేదు. కుర్చీలో కూర్చుండి వచ్చినవారినే అడుగుచున్నాము.

రెండవ మాట బరువైనది. సాయంకాలం ఒంటరిగా ఊరు తిరుగుట పురుషునికి ఉన్నంత సులువుగా స్త్రీకి లేదు. మన ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామ కార్యదర్శులు ఆ వేళకు తలుపులు వేసుకొని ఉండుట భయం చేతనే గాని సోమరితనం చేత కాదు. దీపం లేని వీథిని బాగు చేయించకుండ, పోకిరీని అదలించకుండ, ఆమెను నడువమని ఉపన్యసించుటకు మాకు నోరు రాదు. అయితే ముగ్గురు నలుగురు కలిసి వెలుగుండగా నడిచిన చోట, పురుషునికి అరుగు దగ్గర ఆగిపోయే కథ స్త్రీకి వంటింటి దాకా అందును. వరదలో గింజలు ఎక్కడ దాచినారు, పడవ మీద ప్రసవమైన కోడలు ఎవరు, ఏ పాట ఏ పండుగకు పాడుదురు అను సంగతులు మగవానికి చెప్పరు. అందుచేత ఈ పనిలో విద్యార్థినులు లేకపోతే సగం ఊరు చీకటిలోనే ఉండును.

మరొక హెచ్చరిక మేమే చేయవలెను. నది ఒడ్డున నడువుడు, నదిలోకి దిగకుడు. 2025 జూన్‌లో మేడిగడ్డ వద్ద స్నానానికి దిగిన ఆరుగురు యువకులు మునిగిపోయినారు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు.

కళాశాల పాలకవర్గం వారికి మా మనవి చిన్నది. ఏటేటా విహారయాత్ర పేరున విద్యార్థులను బస్సులో హైదరాబాదుకో విశాఖకో తీసుకొనిపోయి రెండు దినాలలో తిప్పి తెచ్చుచున్నాము. ఒక్క సంవత్సరం ఆ ఖర్చులో కొంత మిగిల్చి, పదిమంది విద్యార్థులను కాళేశ్వరంలో ఒక వారం ఉంచవలెను. పగలు జాతీయ సేవా పథకం పనేదో చేయుదురు గాక. సాయంకాలం ఇద్దరిద్దరుగా నడువవలెను, ఇద్దరిలో ఒకరికి ఉర్దూ, మరొకరికి తెలుగు బాగా వచ్చి ఉండవలెను. విన్నది ఆ రాత్రే ఒక నోటు పుస్తకంలో రెండు లిపులలో వ్రాయవలెను. ఆ పుస్తకం గ్రంథాలయంలో ఉండవలెను. తరువాతి ఏటివారు దాని తరువాతి పుట నుండి మొదలు పెట్టవలెను. పోటీలు, బహుమతులు, ముఖ్య అతిథులు దీనికి అక్కరలేదు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నవి. అప్పుడు కాళేశ్వరం మళ్లీ పన్నెండు దినాల నగరమై, కొత్త ఘాట్లు, కొత్త బోర్డులు లేచి, పాత గుర్తులు మరికొన్ని చెదరిపోవును. అంతకు ముందే మొదటి పుటకు ఒక పని ఉన్నది. వంతెన రాకముందు సిరోంచకు పడవ నడిపినవారు ఇంకా ఉన్నారు. ఏ కాలంలో ఏ రేవు నుండి దాటవలెనో, ఇసుక తిన్నె జరిగినప్పుడు రేవు ఎటు జరుగునో వారికి తెలియును. ప్రతి రేవుకూ వారి నోట ఒక పేరు ఉండును. ఆ పేర్లు ఏ పటంలోనూ లేవు. పడవలు ఒడ్డున బోర్లించిన తరువాత వాటిని పలుకవలసిన అవసరం కూడ ఎవరికీ లేకపోయినది. ఆ పేర్లన్నీ అడిగి, పై నుండి కిందికి వరుసగా, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి వ్రాసి తేవలెను.